జ్వరం అని రాయని లీవు లెటర్

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చదివిన లీవు లెటర్లన్నిట్లోనూ ఒకటే జబ్బు. జ్వరం. కాలు బెణికినా జ్వరమే, మేనత్త కూతురి పెళ్ళైనా జ్వరమే. 'నాకు జ్వరము వచ్చినందున ఈ రోజు పాఠశాలకు రాలేకపోతున్నాను, కావున దయతో...' అని ఎవరు నేర్పారో గానీ, తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా పిల్లలకు ఇంకో జబ్బు పేరు తెలియదు. జ్వరమైతే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. నుదుటి మీద చెయ్యి పెడితే తేలిపోతుంది. మిగతావన్నీ అనుమానాలే.

నా పేరు పద్మ. అమీర్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచర్ని. కుడి భుజం నుంచి వేళ్ళ దాకా నొప్పితో దాదాపు రెండేళ్ళు గడిపాను. ఇప్పుడు పూర్తిగా పోయిందని చెప్పను గానీ, ఇది మాత్రం ఆ చేత్తోనే రాస్తున్నాను. ఇలాంటి నొప్పి ఉన్నవాళ్ళెవరైనా చదివితే కాస్త ధైర్యంగా ఉంటుందని ఒక ఆశ. ఇంకో కారణం కూడా ఉంది, దాచను. మా తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన పని నలుగురికీ చెప్పుకోవాలని ఉంది. గొప్పలు పోతోందని అనుకుంటే అనుకోండి.

మొదటి వర్షాకాలం

జూలైలో ఒక సాయంత్రం, వర్షంలో, అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు రెండేసి చొప్పున దిగుతూ జారాను. కుడిచెయ్యి రెయిలింగును వదల్లేదు, మిగతా మనిషినంతా కిందికి వచ్చేశాను. భుజంలో కండ చిట్లిందన్నారు. చెయ్యి మెడకు కట్టి, మూడు నెలల్లో మానిపోతుందన్నారు. మానిపోయింది కూడా. ఆ సంగతి నొప్పికే తెలియలేదు.

సుద్దముక్క పైకెత్తితే భుజం నుంచి చూపుడువేలి దాకా కాగే నూనె చిందినట్టుండేది. జడ వేసుకోలేను, గరిటె తిప్పలేను, కొంగు సర్దుకోలేను. అవన్నీ ఎలాగో గడిచాయి. జడ మా అమ్మాయి వేసేది, కూరలు మా ఆయన ప్రభాకర్ చేసేవారు. బోర్డు మీద మాత్రం నాకు బదులు ఎవరు రాస్తారు? నేను రంగు సుద్దలతో గుండె బొమ్మ వేస్తుంటే పక్క సెక్షన్ పిల్లలు కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళు. అలాంటిదాన్ని, దసరా సెలవులయ్యేసరికి పాఠం పేరు రాసి, కింద ఒక గీత గీసి, కుర్చీలో కూలబడేదాన్ని. బొమ్మ వెయ్యలేని బయాలజీ టీచర్ని ఏ స్కూలు ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? రెండేళ్ళూ నా భయమల్లా అదే. చెయ్యి పోతుందని కాదు, క్లాసు పోతుందని.

పంజాగుట్టలో ఒక ఆసుపత్రి వరండా నాకు మా వంటిల్లంత పరిచయమైపోయింది. టోకెన్ పిలిచేదాకా గోడ మీద టీవీలో శబ్దం లేని వార్తలు చూస్తూ కూర్చోవాలి. ఒకరోజు దాహమేసి నీళ్ళ సీసాను మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో మూత తిప్పలేక అవస్థపడుతున్నాను. పక్కనున్నావిడ ఎర్రగడ్డ రైతు బజార్లో ఆకుకూరలు అమ్ముతుందట. ఏమీ అడక్కుండా సీసా అందుకుని మూత తీసి ఇచ్చింది. నా టోకెన్ వచ్చేదాకా ఆ మూత తన గుప్పిట్లోనే ఉంచుకుంది. ఎందుకమ్మా అంటే, "మళ్ళ తాగుతవ్ గద" అంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

స్కాన్ శుభ్రంగా ఉందని, నాకేమీ లేదని డాక్టరు సంతోషంగా చెప్పారు. ప్రభాకర్ ఆయనకు రెండు చేతులా దణ్ణం పెట్టారు. నేను ఆటోలో ఇంటిదాకా ఏడ్చాను. ఏదో ఒకటి కనబడి ఉంటే బాగుండేదని ఏడ్చాను. అంత సిగ్గుమాలిన ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాత ఇంకో ఇద్దరు డాక్టర్లు, ఒక నూనె, ఒక పట్టీ. ప్రభాకర్‌ది లక్డీకాపూల్లో ప్రభుత్వ ఉద్యోగం. ఆఫీసులో పర్మిషన్లు పెట్టి పాపం నా వెంట తిరిగారు, తిరిగి తిరిగి విసిగిపోయారు. ఒకరోజు వాళ్ళక్కతో ఫోన్లో అంటుంటే నా చెవిన పడింది. "అందరూ ఏమీ లేదనే అంటున్నారక్కా. ఈవిడే మనసులో పెట్టుకుంది." ఆ మాట నొప్పికన్నా ఎక్కువ సలిపింది. నెల రోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆరు జ్వరాలు

నొప్పి మరీ ఎక్కువైన రోజున సెలవు పెట్టాలి కదా. స్కాన్ శుభ్రంగా ఉన్న మనిషి ఏమని రాస్తుంది? నేనూ జ్వరమనే రాశాను. ఆ చలికాలంలో నాకు ఆరు జ్వరాలొచ్చాయి.

మా ప్రిన్సిపాల్ సుగుణ గారు చాలా మంచి మనిషి, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆరో లెటరు చూసి కంగారుపడిపోయి, డెంగ్యూ పరీక్ష చేయించుకుంటే తప్ప క్లాసులోకి రానివ్వనన్నారు. ఆ కబురు ఒక్క పూటలో స్కూలంతా పాకింది. మర్నాడు మా ఆయా యాదమ్మ ఇంటి నుంచి స్టీలు గ్లాసులో ఏదో పచ్చగా తెచ్చింది.

"గీ బొప్పాయాకు రసం తాగుండ్రి టీచరమ్మా. మా బిడ్డకు సుత గిదే తాపిన. ప్లేట్‌లెట్లు మస్తు పెరుగుతయ్."

నా ప్లేట్‌లెట్లు నిక్షేపంగా ఉన్నాయి. ఆ మాట చెప్పాలంటే అసలు మాట కూడా చెప్పాలి. ఆ ధైర్యం లేక కళ్ళు మూసుకుని తాగేశాను. మూడు రోజులు తెచ్చింది, మూడు రోజులూ తాగాను. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత.

నవ్వు రాని సంగతి ఇంకొకటి ఆ రోజుల్లోనే జరిగింది. ఎనిమిదో తరగతిలో మౌనిక అనే పిల్ల, నెలకు నాలుగైదుసార్లు కడుపునొప్పి అంటూ స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడేది. నేను ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నానో అదే చేశాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. జ్వరం లేదు, వెళ్ళి కూర్చో అన్నాను. కుడిచెయ్యి లేవదు కనక ఎడమచేత్తో చూశాను. అప్పుడు కూడా నా బుర్రకు ఎక్కలేదు. పైగా వాళ్ళమ్మకు ఫోన్ చేసి, పిల్ల నాటకాలాడుతోంది, కాస్త కనిపెట్టి ఉండండి అని చెప్పాను. నా నొప్పిని ఎవరూ నమ్మడం లేదని ఏడ్చిన నోటితోనే ఆ మాట అన్నాను.

పలక

వేసవి సెలవుల్లో ఒక డాక్టరు నన్ను పంజాగుట్టలోనే ఒక ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడ స్వప్న అనే అమ్మాయి, నా వయసులో సగం ఉంటుంది. నా ఫైలు చూసి పక్కన పెట్టి, ఈ చెయ్యి బాగైతే మొదట ఏం చెయ్యాలని ఉంది మేడం, అని అడిగింది. గుండె బొమ్మ వెయ్యాలని ఉందన్నాను. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

"మీ నొప్పి నిజం మేడం, దాంట్ల డౌటే లేదు," అంది. "కానీ భుజం మానింది. ఇప్పుడు నొప్పొస్తే లోపల ఏదో తెగుతున్నదని కాదు. అప్పుడు దెబ్బ తగిలింది గదా, మీ మెదడు ఇంకా కాపలా కాస్తనే ఉన్నది. కాపలా జర ఎక్కువైంది, గంతే."

నాకు ఒళ్ళు మండింది. నాడీవ్యవస్థ పాఠం నాకు చెబుతావుటే అమ్మాయ్ అని మనసులో అనుకున్నాను. బయటికి మర్యాదగా తలూపాను. ఇంటికెళ్ళి నా పాత నోట్సు తీశాను. ఇరవై రెండేళ్ళుగా నేను బోర్డు మీద వేస్తున్న బొమ్మ అందులో ఉంది. మంట, వేలు, వేలి నుంచి మెదడుకు ఒక బాణం గుర్తు. దెబ్బ దగ్గర నొప్పి పుడుతుంది, అది తీగ వెంట మెదడుకు చేరుతుంది, ఇదీ నా పాఠం. నిజానికి తీగ వెంట వెళ్ళేది కబురు మాత్రమే. ఇది ప్రమాదమా కాదా అని పాత అనుభవాలు, భయాలు, అలసట అన్నీ కలిపి చూసుకుని నొప్పిని తయారుచేసేది మెదడు. అందుకే గాయం మానినా నొప్పి మిగలొచ్చు. ఈ సంగతి పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. నేనే ఒక్క బాణంతో సరిపెట్టాను, ఆ ఒక్క బాణాన్ని నమ్ముకుని నా చేతిని నేనే ఏడాదిపాటు ఒళ్ళో కట్టేసుకున్నాను.

స్వప్న చెప్పిన వైద్యం వింటే మీరు నవ్వుతారు. ఒక పలక కొనుక్కోమంది. రోజూ రెండు నిమిషాలు దాని మీద గీతలు గీయమంది. నొప్పి పుట్టిందని పారిపోకూడదు, ఇవాళ బాగుంది కదా అని పది నిమిషాలు గియ్యకూడదు. రెండు నిమిషాలంటే రెండే. వారం గడిచాక మూడు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అ ఆ లు దిద్దుతుంటే మా అమ్మాయి ఫోటోలు తీసింది. కొన్ని వారాలు ముందుకు, కొన్ని వారాలు వెనక్కి. ఆగస్టులో ఒకసారి నొప్పి మళ్ళీ మొదటికొస్తే పలకను మంచం కిందికి తోసేశాను. నాలుగో రోజు అది మళ్ళీ టేబుల్ మీదికి వచ్చింది. ప్రభాకర్ తుడిచి పెట్టారు.

దానికి ముందు వారమే స్వప్న ఆయన్ను కూడా తీసుకురమ్మంది. ఆయన అంతా విని, అయితే ఈవిడ కావాలని చేస్తున్నది కాదన్నమాట, అన్నారు. స్వప్న, కావాలని ఎవరు చేస్తరు సార్, అంది. తిరుగు ప్రయాణంలో ఆటో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నారు. "అక్కతో ఆ మాట అనకుండా ఉండాల్సింది నేను." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. మరీ ఉబ్బిపోతే బాగుండదని నేనూ రోడ్డు వైపే చూశాను.

తొమ్మిదో తరగతి

జనవరిలో సుగుణ గారు పిలిచారు. ఏడాదిన్నరగా బోర్డు పని సగం సగంగా సాగుతోందని, జూన్ నుంచి నన్ను లైబ్రరీ చూసుకోమని, క్లాసులు కొత్త టీచరుకు ఇద్దామని అన్నారు. ఆవిడ గొంతులో జాలి ఉంది, అది ఇంకా కష్టంగా తోచింది. మా లైబ్రరీ అంటే రెండు తాళాల బీరువా. ఈ ఏడాది జ్ఞానేంద్రియాల పాఠం నేనే చెబుతానని, అది చూశాక మీ ఇష్టమని అడిగాను. సరేనన్నారు.

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు తలా ఒక చీటీ ఇచ్చాను. మీకు ఎప్పుడైనా వచ్చిన నొప్పి ఏమిటి, లీవు లెటర్లో ఏం రాశారు, ఈ రెండే రాయండి, పేర్లు వద్దన్నాను. చీటీలు పోగుచేసి పైకి చదవడం మొదలుపెట్టాను. తలనొప్పి, జ్వరం అని రాశాను. మోకాలి నొప్పి, జ్వరం. నడుంనొప్పి, జ్వరం. క్లాసంతా నవ్వులు. ఆ ఊపులో తర్వాతి చీటీ కూడా చదివేశాను.

"కడుపునొప్పి. లెటర్ రాయలేదు. బయాలజీ మేడం నుదురు పట్టుకుని చూసి క్లాసుకి పంపించింది."

నవ్వులు ఆగిపోయాయి. రాత చూడనక్కర్లేదు, మూడో బెంచీలో, ఇప్పుడు తొమ్మిదికి వచ్చిన మౌనిక తల వంచుకుని ఉంది. చీటీ మడిచి పక్కన పెట్టేసి పాఠంలోకి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు అటే లాగాయి. కానీ ఆ పూట అబద్ధమాడితే ఇక పాఠమెందుకు? ఆ మేడం తప్పు చేసిందర్రా, అని చెప్పాను. నుదురు చల్లగా ఉన్నంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని, ఆ సంగతి తెలుసుకోవడానికి ఆ మేడంకు రెండేళ్ళు పట్టిందని చెప్పాను. తర్వాత నా ఆరు జ్వరాల గురించీ, బొప్పాయి ఆకు రసం గురించీ చెప్పాను. నవ్వులు మళ్ళీ వచ్చాయి, ఈసారి నా మీద. మౌనిక కూడా తలెత్తింది.

బొమ్మ నేను వెయ్యలేదు. నేను చెబుతుంటే పిల్లలే ఒక్కొక్కరూ వచ్చి వేశారు. వేలు ఒకరు, వెన్నుపాము ఒకరు, మెదడు ఒకరు. వేలి నుంచి మెదడుకు ఒక బాణం, మెదడు నుంచి వెనక్కి ఇంకో బాణం. నా వంతు వచ్చినప్పుడు లేచి, ఆ రెండో బాణం పక్కన 'కాపలా' అని రాశాను. చెయ్యి చురుక్కుమంది. చురుక్కుమన్నా రాశాను.

ఆ మాట చూడగానే వెనక బెంచీలోంచి నిఖిల్ లేచాడు. వాడికి నా క్లాసులో లేచి నిలబడిన అనుభవం శిక్షలప్పుడే తప్ప లేదు.

"మేడం, గిది మన ఇస్మాయిల్ భాయ్ లెక్కనే ఉన్నది."

ఇస్మాయిల్ భాయ్ మా గేటు దగ్గర వాచ్‌మన్. కిందటేడు స్కూల్లో రెండు సైకిళ్ళు పోయాయి. అప్పటి నుంచి ఆయన నీళ్ళ క్యాన్ల మనిషిని ఆపాడు, తల్లిదండ్రులను ఆపాడు, ఒకరోజు సుగుణ గారినే ఆపి ఐడీ కార్డు చూపించమన్నాడు. అయితే దొంగ లేనప్పుడు ఇస్మాయిల్ భాయ్ అబద్ధమాడినట్టా అని అడిగాను.

"లేదు మేడం. భాయ్ భయం నిజమే. దొంగ లేడు, గంతే."

ముందు బెంచీ పిల్ల ఒకతి అందుకుంది. "భాయ్‌ని తిడితే ఇంకా ఎక్కువ ఆపుతడు మేడం."

నా చేతిని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో గుర్తొచ్చింది. పోనీ భాయ్‌ని తీసేద్దామా అంటే, రేపు నిజంగా దొంగొస్తే ఎట్ల అని క్లాసు ఒక్క గొంతుతో కసిరింది. మరి ఆయన ఎలా కుదుటపడ్డాడో వాళ్ళకు వాళ్ళే గుర్తు చేసుకున్నారు. సుగుణ గారు రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, మొదట నీళ్ళ క్యాన్ల మనిషిని చూపించి ఇతను మనవాడే అనేవారు. వారమయ్యాక ఇంకొకరిని. నెమ్మదిగా భాయ్‌కి నమ్మకం కుదిరింది. ఒకే రోజు గేటు బార్లా తీసేసి ఉంటే భాయ్‌కి బీపీ వచ్చేదని నిఖిల్ తేల్చాడు. స్వప్న నాకు నెలల తరబడి చెప్పింది అంతా ఆ నలభై నిమిషాల్లో వాళ్ళ నోటి నుంచే వచ్చింది. కొత్తగా వచ్చిన నొప్పిని మాత్రం ముందు డాక్టరుకు చూపించి తీరాలని, దొంగ ఉన్నాడో లేడో చూడకుండా కాపలాను తప్పుపట్టకూడదని నేను గట్టిగా చెప్పాను. నేను కలిపింది అంతే. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఇన్నేళ్ళలో నా క్లాసులో బెల్లు ఓడిపోవడం అదొక్కసారే చూశాను. నాకు గర్వంగా ఉండదా మరి?

సుగుణ గారు వెనక తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నారట. సాయంత్రం గదికి పిలిచి, బోర్డు మీద పిల్లలు వేస్తే వాళ్ళకే బాగా వస్తున్నట్టుందే అన్నారు. పదో తరగతికి కూడా అలాగే చెప్పమన్నారు. లైబ్రరీ మాట ఎత్తలేదు. నేను లేచి వస్తుంటే మాత్రం వెనక నుంచి అడిగారు. "ఆరింటిలో ఒక్కటి కూడా జ్వరం కాదా పద్మ గారూ?" కాదండీ అన్నాను.

మూడో పీరియడ్

ఆ ఆదివారం మౌనిక వాళ్ళమ్మ లక్ష్మి గారి దగ్గరికి వెళ్ళాను. మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, జాకెట్లు కుట్టే చిన్న షాపు ఆవిడది. తప్పు నాదండీ, పిల్ల నాటకాలాడలేదు, అని చెప్పాను. ఆవిడ మిషను ఆపింది. చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"గా దినం మీరు ఫోన్ చేసినంక నేను దాన్ని కొట్టిన మేడం. టీచరే చెప్పినంక ఇంకేం అనుమానం అనుకున్న."

రెండేళ్ళలో నా చెయ్యి ఎన్నో రకాలుగా నొప్పి పెట్టింది. ఆ మాటంత నొప్పి మాత్రం పెట్టలేదు. అయినా ఆవిడ నన్ను వెళ్ళగొట్టలేదు, స్టూలు జరిపి కూర్చోమంది. పిల్లను మళ్ళీ డాక్టరుకు చూపించమన్నాను. చూపించింది. ప్రమాదమేమీ లేదని, అలాగని నొప్పి అబద్ధం కాదని డాక్టరు చెప్పారట. రోజంతా మానేయకుండా, నొప్పి కాస్త తగ్గగానే బడికి పంపుతూ ఉండమన్నారట.

మార్చిలో ఒక పొద్దున యాదమ్మ ఒక లీవు లెటరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. లక్ష్మి గారు గేటు దగ్గర ఇచ్చి వెళ్ళారట. అందులో ఇలా ఉంది: 'నాకు కడుపునొప్పిగా ఉంది. జ్వరం లేదు. మొదటి రెండు పీరియడ్లకు రాలేను. మూడో పీరియడ్‌కు వస్తాను. ఇట్లు, మౌనిక.'

ఇరవై రెండేళ్ళలో నాకు అందిన మొదటి నిజమైన లీవు లెటరు అది. కింద నా సంతకం పెట్టాను, కుడిచేత్తో, పూర్తి పేరు. మూడో పీరియడ్ నాదే. హాజరు పిలుస్తూ మౌనిక పేరు దగ్గరికి వచ్చి, తలెత్తి గుమ్మం వైపు చూశాను. బ్యాగు ఒక భుజాన వేసుకుని, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"ప్రెజెంట్ మేడం," అంది.